వసారాలో కుర్చీ

పాత కట్టడాలకు మరమ్మతులు చేయించే ఆ ఇంజనీరమ్మని పనివాళ్లంతా పాతమేడం అనేవాళ్లు. ఆవిడకి నలభై ఏళ్లు కూడా లేవు, తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. అయినా పేరు పడిపోయింది, పడ్డ పేరు మరి చెరగలేదు. అగ్గిపెట్టంత మేర గోడని సన్నటి బ్లేడుతో గీకి, పొర కింద పొరగా పాతరంగులు పైకి తియ్యడం ఆవిడ పనిలో మొదటి మెట్టు. అలా గీకీ గీకీ ఆవిడకి దేన్నీ పైపైన నమ్మని గుణం అబ్బింది. పాలవాడు కొత్త క్యాను తెస్తే దాన్ని కూడా గోటితో గీకి చూస్తుందని పనివాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు. అది ఆవిడ చెవిన పడకపోలేదు. "గోడ చెబితే నమ్ముతాను, గోడ గురించి మనుషులు చెబితే నమ్మను" అనేది.

ఈసారి ఆవిడ చేతికొచ్చింది పాత మహిళా సమాజం హాలు. వీధి చివర పెంకుల కప్పు, ముందు పొడుగాటి వసారా, లోపల పెద్ద హాలు, వెనక చిన్న గది. అంతే. తొంభై ఏళ్ల కిందట పన్నెండుమంది ఆడవాళ్లు ఇక్కడ చేరి, వీధుల్లో దీపాలు కావాలని, ప్రతి పేటకీ కుళాయి కావాలని, కాన్పులకి ఓ ఆసుపత్రి కావాలని అర్జీలు రాసి అధికారుల ప్రాణాలు తోడేసేవాళ్లట. ప్రతి విషయానికీ చేతులెత్తి ఓటు వేసుకోవడం, వేసుకున్నది పుస్తకంలో ఎక్కించడం వాళ్ల పద్ధతి. గోడకి ఏ రంగు వెయ్యాలన్నది కూడా ఓటుకి పెట్టారంటే వాళ్ల పట్టుదల ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు.

పాతమేడానికి ఆ హాలంటే ప్రాణం. ఆవిడ అమ్మమ్మ ముగ్గురు పిల్లల తల్లయ్యాక అక్షరాలు దిద్దుకుంది ఆ హాల్లోనే. వేలిముద్ర మానేసి మొదటిసారి సంతకం పెట్టిన రోజు అన్నం కూడా తినలేదని అమ్మ చెబుతుండేది. అలాంటి హాలు ఇప్పుడు రేపో మాపో అన్నట్టుంది. పక్క స్థలంలో ఆరంతస్తులు లేపుతున్న పెద్దమనిషి కన్ను దీనిమీద పడింది. గురువారం పొద్దున పాత కట్టడాల కమిటీవాళ్లు వచ్చి చూస్తారు. అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయనుకుంటే కాపాడవలసిన కట్టడాల జాబితాలో చేరుస్తారు. లేదంటే నెలాఖరుకి నేలమట్టం.

అన్నీ ఉండవలసిన చోట ఉండటం. ఆవిడ పనంతా ఆ ఒక్క మాట మీదే నడిచేది.

హాలు మధ్యలో పెద్ద టేకుబల్ల, చుట్టూ పదకొండు కుర్చీలు. వీపుమీద చిన్న ఆకు చెక్కి ఉన్న కుర్చీలు, పేము అల్లిక. మొదటిరోజే ఆవిడ మోకాళ్లమీద కూర్చుని నేల చూసింది. ఎర్ర సిమెంటు నేలమీద కుర్చీకాళ్లు ఏళ్ల తరబడి ఒత్తి ఒత్తి చేసిన గుంటలున్నాయి, వేలి కొన పట్టేటంత. నాలుగేసి చొప్పున లెక్కపెట్టింది. పన్నెండు కుర్చీలకి సరిపడా గుంటలు.

మరి పన్నెండోది ఏదీ అంటే, వసారాలో దొరికింది. తలుపు పక్కన, వీధివైపు తిరిగి, ఎండకి ఎండి వానకి తడిసి బూడిదరంగుకి తిరిగిన కుర్చీ ఒకటి ఉంది. పేము ఎప్పుడో పోయింది, దానిమీద ఓ చెక్కపలక కొట్టారు. అది కాపలా మనిషి కూర్చునేదనుకుని ఎవరూ పట్టించుకోలేదు. పాతమేడం వీపుభాగం బ్లేడుతో గీకింది. మురికి కింద ఆకు కనిపించింది.

ఆవిడకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వడ్రంగిని కూర్చోబెట్టి వారంరోజులు కీళ్లు బిగింపించింది, పేము అల్లించింది, నూనె పట్టించింది. కుర్చీని తనే లోపలికి మోసి దాని చోట దించింది. నాలుగు కాళ్లూ నాలుగు గుంటల్లో కూర్చున్నాయి, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. మిగిలిన పదకొండింటికీ కట్టినట్టే దీనికీ ఓ అట్టచీటీ కట్టింది. సంఖ్య, దొరికిన చోటు, స్థితి, ఎవరిది అని ఆ చీటీలో నాలుగు గళ్లుంటాయి. ఎవరిది అన్న గడి పన్నెండు చీటీల్లోనూ ఖాళీగానే ఉంది, ఏ కుర్చీలో ఎవరు కూర్చునేవారో తెలియదు గనక.

"ఓసారి కూర్చుని చూడండి మేడం, ఎలా వచ్చిందో," అన్నాడు వడ్రంగి.

"పాత సామాను మీద కూర్చోకూడదు. నా పనిలో అది మొదటి నియమం," అందావిడ. ఆ నియమం ఆవిడ ఎన్నడూ తప్పలేదు. పని నడిచినన్నాళ్లూ రంగుడబ్బా బోర్లించుకుని దానిమీద కూర్చునేది, లేదా నిలబడే ఉండేది.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే కుర్చీ వసారాలో ఉంది.

హాలు తాళాలు ఒక్క మనిషి దగ్గరే ఉండేవి. ఆవిడ అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా తాళాలగుత్తి నడుముకి వేలాడుతుండటంతో వీధివీధంతా తాళాల పిన్ని అనేది. అంతకుముందు ఆవిడ తల్లి ఆ హాలు చూసుకునేది. పాతమేడం ఆవిడని పిలిచి, మెల్లగానే మొదలుపెట్టింది.

"పిన్నీ, ఈ కుర్చీ బయటికి ఎవరు తెచ్చారు?"

"నేనేనమ్మా."

అబద్ధమైనా ఆడలేదు. దాంతో పాతమేడానికి అనుమానం ఇంకా ముదిరింది.

"ఎందుకు తెచ్చారు?"

"అది బయటుండే కుర్చీ కదమ్మా. మా అమ్మ బయటే ఉంచేది, నేనూ ఉంచుతున్నా. సాయంత్రం ఆవిడ వస్తుంది. కుర్చీ ఉంటే కాసేపు కూర్చుని పోతుంది. లేకపోతే తలుపు కొడుతుంది."

"ఎవరావిడ?"

"పేరు తెలీదు."

"కొడితే తలుపు తీస్తే పోలా?" అంది పాతమేడం నవ్వు ఆపుకుంటూ.

పిన్ని హాల్లోకి ఓసారి చూసి గొంతు తగ్గించింది. "తీద్దామనే ఉంటుందమ్మా. లోపలివాళ్లు తియ్యనివ్వరు."

ఇలాంటి కథలు పాతమేడానికి కొత్త కాదు. ఏ పాతకట్టడం దగ్గరికెళ్లినా ఎవరో ఒకరు ఏదో ఒక దెయ్యాన్ని అంటగడతారు. చాలాసార్లు ఆ దెయ్యం వెనక ఆ స్థలం కావలసిన మనిషి ఒకడుంటాడు. ఆవిడ కుర్చీని మళ్లీ లోపల పెట్టించి ఊరుకుంది. రెండోసారీ అదే జరిగింది. ఆ రాత్రి వాన కురిసి కొత్త పేము ఉబ్బి, అల్లిక ఓ పక్క వదులైంది. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లబిగువున ఓర్చుకుని కుర్చీని మళ్లీ లోపలికి చేర్చింది.

మంగళవారం మధ్యాహ్నం గేటు దగ్గర తాళాల పిన్ని పక్కస్థలం పెద్దమనిషితో మాట్లాడుతూ కనబడింది. ఆయన తల ఊపుతున్నాడు, పిన్ని చెయ్యి హాలువైపు చూపిస్తోంది. పాతమేడానికి లెక్క తేలిపోయింది. కమిటీ వచ్చేసరికి కుర్చీ తడిసి, వసారాలో దిక్కులేకుండా పడి ఉండాలి. చూసేవాళ్లకి ఈ హాలుని పట్టించుకునే నాథుడు లేడనిపించాలి. ఆయన పిన్ని చెయ్యి తడిపాడు, పిన్ని దెయ్యం కథ అల్లింది. తన దగ్గరా ఈ పప్పులు ఉడికేది?

బుధవారం పొద్దున తాళాలు అడిగేసింది.  పిన్ని నడుమునుంచి గుత్తి విప్పుతూ ముడి రాక మళ్లీ మళ్లీ లాగింది. అది చూసి పాతమేడానికి జాలి కలగకపోలేదు, కానీ పైకి రానివ్వలేదు.

"నాలుగు దాటాక ఇక్కడుండకండమ్మా," అంది పిన్ని. "వాళ్ల మీటింగు నాలుక్కి. ఉండక తప్పదనుకుంటే, ఆ కుర్చీ ఒక్కటీ బయట పెట్టేయండి. మీకు దణ్ణం పెడతా."

"రేపటిదాకా మీరిటు రాకండి, అదే పదివేలు," అంది పాతమేడం.

ఆ రోజు వడ్రంగి మూడింటికే పనిముట్లు సర్దేసుకున్నాడు. వాన మబ్బు కమ్ముకొస్తోంది.

"మీరు కూడా పిన్ని వైపేనా?" అందావిడ.

"నేను చెక్క వైపు మేడం. చెక్కకి వాన పడదు, నాకూ పడదు," అని నవ్వేసి వెళ్లిపోయాడు. గేటు దాటేదాకా మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

ఆవిడ తలుపు మూసి అడ్డగడియ వేసింది. పిన్ని దగ్గర ఇంకో తాళంచెవి ఉండి ఉంటుందని అనుమానం. బలమైన పాతకాలపు ఇనుప గడియ, తియ్యాలన్నా వెయ్యాలన్నా రెండుచేతుల పని. కమిటీకి ఇచ్చే కాగితంలో ఒక్క వాక్యం మిగిలింది. పన్నెండో కుర్చీ హాల్లోంచి ఎప్పుడు బయటికి పోయింది, ఎందుకు పోయింది. వెనకగది అలమారలోంచి సమాజంవారి మీటింగు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టుకుని, నిలబడే పేజీలు తిప్పసాగింది. చేతిగడియారం పట్టీ వదులు. చెయ్యి ఎత్తినప్పుడల్లా గడియారం గలగలమంటూ మోచేతిదాకా జారిపోయేది. మార్పించుకోవాలని నెలనుంచీ అనుకుంటూనే ఉంది.

వాన మొదలైంది. ముందు పెంకులమీద చిటపటలు, తర్వాత ఒకటే హోరు. కరెంటు పోయింది. కిటికీల్లోంచి వచ్చే వెలుతురు మాసిన గుడ్డరంగులోకి తిరిగింది. ఆవిడ ఫోను లైటు వెలిగించి పుస్తకానికి ఆనించింది.

వెతికింది దొరికింది. ముత్యాల్లాంటి రాత, సిరా గోధుమరంగుకి తిరిగింది.

"పన్నెండవ సభ్యురాలి కుర్చీని ఇకపై వసారాలో ఉంచవలెనని తీర్మానించడమైనది. ప్రతి సాయంకాలము తప్పక ఉంచవలెను. అనుకూలము: పదకొండు. ప్రతికూలము: లేదు."

అంటే పిన్ని చెప్పినదాంట్లో ఒక ముక్క నిజమే. ఆవిడ నుదురు ముడిపడింది. పిన్ని ఈ పుస్తకం చదివి ఉంటుంది, చదివి కథ అల్లి ఉంటుంది అనుకుంది. అనుకుని, ఒక పేజీ వెనక్కి తిప్పబోయింది.

టక్... టక్... టక్.

తలుపు.

ఆవిడ గడియారం చూసుకుంది. నాలుగూ రెండు నిమిషాలు. నవ్వొచ్చింది. ఎంత చక్కగా వేళ చూసుకుని వచ్చింది పిన్ని. ఆ చప్పుడు తలుపు నడిమిభాగంలోంచి కాక ఎక్కడో కిందనుంచి, మోకాలి ఎత్తులోంచి వచ్చినట్టుంది. అదో తమాషా కాబోలు.

"ఎవరు?"

వాన హోరు. మళ్లీ... టక్. టక్.

"తలుపు తియ్యమ్మా..."

పిన్ని గొంతే. బాగా సన్నగిల్లి, ఈడ్చుకుంటూ వచ్చింది. నటన కూడా వచ్చన్నమాట అనుకుంది పాతమేడం.

"రేపు పొద్దున రండి పిన్నీ. చెప్పాను కదా," అని గట్టిగా అని, పుస్తకంవైపు తిరిగింది. పేజీ తిప్పింది.

"ఊరిలో కలరా ప్రబలినందున సభ్యులందరు ఇంటింటికి వెళ్లి రోగుల పట్టిక తయారు చేయవలెనని గత వారము తీర్మానించితిమి. పన్నెండవ సభ్యురాలు తప్ప ఎవరును వెళ్లలేదు. నేడు సమావేశము జరుగుచుండగా ఆమె వచ్చి తలుపు కొట్టిరి. నిలువలేక గడప వద్ద పడియున్నట్లు తెలిసినది. తలుపు తీయవలెనా వద్దా అని అధ్యక్షురాలు ఓటుకు పెట్టిరి."

టక్... టక్...

"తీయవలెననువారు: లేరు. వద్దనువారు: పదకొండు. తీర్మానము ఏకగ్రీవము."

ఆ రాతలో ఎక్కడా ఒక్క అక్షరం వణకలేదు, ఒక్క కొట్టివేత లేదు. వీధిదీపాల కోసం ఓటు వేసినట్టే వేసుకున్నారు. తన అమ్మమ్మకి అక్షరాలు నేర్పింది ఈ చేతులేనా? ఆ పేజీని అరచేత్తో కప్పేసింది. కోపమో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

చప్పుడు ఆగిపోయింది. వెళ్లిపోయిందన్నమాట అనుకుంది. ఒక్క క్షణం, తలుపు తీసి చూద్దామా అనిపించింది. వెంటనే గేటు దగ్గర పిన్ని, ఆ పెద్దమనిషి కళ్లముందు మెదిలారు. తీస్తే కుర్చీ బయటికి పోతుంది. రేపు కమిటీ... వద్దు.

అప్పుడు వాసన వచ్చింది. వానవాసన కాదు. తలుపులు బిగించిన గదిలో చాలామంది చాలాసేపు కూర్చుంటే వచ్చే వాసన. చెమట, తలనూనె, తడిసి ఆరని చీరలు, వాటన్నిటి మీద ఘాటుగా సున్నం, ఫినాయిలు.

ఫోను లైటు పుస్తకం మీదే ఉంది. దాని అవతల బల్ల కనబడుతోంది. బల్లకి అటువైపు కుర్చీల వీపులు, వాటిపైన చీకటి. పేము కిరకిరమంది. ఒక కుర్చీ. తర్వాత ఇంకొకటి. తడికి పేము సాగుతుంది, అంతే. అలా ఎన్నోసార్లు విన్నదే. కానీ ఆ కిరకిరలు వరసగా వస్తున్నాయి... బల్ల చుట్టూ... ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటున్నట్టు.

తను కట్టిన అట్టచీటీలు ఊగుతున్నాయి. కిటికీలు మూసి ఉన్నాయి.

టక్.

ఒకేఒక్కటి. చాలా మెల్లగా. చెయ్యి కొట్టలేక జారినట్టు.

అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నారు. తలుపవతల కాదు. బల్ల మొదట్లో.

"తీయవలెననువారు..."

గుసగుస. మర్యాదగా, తొందర లేకుండా, ఎన్నో మీటింగులు నడిపిన మనిషి గొంతు.

"...చేతులెత్తండి."

వాన కురుస్తోంది. ఏ చప్పుడూ లేదు. పాతమేడానికి నోరు తెరవాలని ఉంది. నేనున్నాను, నేను తీస్తాను అనాలని ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"వద్దనువారు..."

గాజుల చప్పుడు.

ఒకటి. ఆవిడ లెక్కపెట్టింది, వద్దనుకున్నా అలవాటు ఊరుకోలేదు. రెండు. మూడు. బల్ల చుట్టూ తిరుగుతూ వస్తోంది. ఏడు. ఎనిమిది. పక్కనే, మోచేతికి తగిలేంత దగ్గర్లో... పది. పదకొండు.

ఇంకొక చప్పుడు.

అది గాజులది కాదు. లోహపు పట్టీ చర్మంమీద గలగలమంటూ జారిన చప్పుడు. మోచేతి దగ్గర చల్లగా తగిలి ఆగింది.

ఆవిడ తలెత్తి చూసింది. తన కుడిచెయ్యి పైకి ఎత్తి ఉంది. నిటారుగా. ఎప్పుడెత్తిందో తెలియదు.

"ఏకగ్రీవము," అంది ఆ గొంతు, తృప్తిగా.

ఆవిడ అరిచిందో లేదో ఆవిడకే గుర్తులేదు. ఎత్తిన చెయ్యి దిగలేదు. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కిందికి లాగింది. బల్లమీద పుస్తకం, ఫోను, ఏం పడ్డాయో చూడలేదు. తలుపు మీద పడింది. గడియ కదల్లేదు. వెనక పదకొండు కుర్చీలు ఒక్కసారే కిర్రుమన్నాయి, అందరూ తనవైపు తిరిగినట్టు. మళ్లీ లాగింది. గోరు విరిగింది. గడియ కదిలింది.

తాళాల పిన్ని గడప దగ్గర పడి ఉంది. వసారా మెట్టుమీద కాలుజారి, తల గోడకి కొట్టుకుని, తుంటి విరిగి, పాక్కుంటూ తలుపుదాకా వచ్చింది. చెయ్యి ఇంకా తలుపువైపే చాచి ఉంది. ఏటవాలు జల్లుకి వసారా అంతా మడుగైపోయింది. పిన్ని చీర పిండితే నీళ్లు కారేలా ఉంది. తల మాత్రం పొడిగా ఉంది. తల కింద నేల కూడా పొడిగా, ఓ మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చున్నంత మేర.

"పిన్నీ... పిన్నీ..." అంటూ ఆవిడ ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. సిగ్గూ, భయమూ, పశ్చాత్తాపమూ అన్నీ కలిసి ముంచెత్తాయి. అప్పుడు గడియారం కనబడింది. ఆరు కావస్తోంది. తను లోపల ఉన్నది పదినిమిషాలనుకుంది.

"ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

కబురు విని వడ్రంగి పరుగున వచ్చాడు. అక్కడి బల్లమీద కూలబడ్డాడు. తనంతట తనే చెప్పాడు, పిన్ని మొన్న ఆ పక్కస్థలం ఆయన్ని గేటు దగ్గర ఆపి గొడవపెట్టుకుందట. లారీలు తిరిగి తిరిగి హాలు గోడ పెచ్చులు రాలుతున్నాయి, లారీలు అటు తిప్పుకోండి అని. ఆయన సరేనని తల ఊపాడట. పాతమేడం చీరకొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

తొమ్మిదింటికి పిన్నికి తెలివొచ్చింది. పాతమేడం ఆవిడ చెయ్యి పట్టుకుంది. క్షమించమనడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"నేను తప్పు చేశాను పిన్నీ."

"వాన పడుతోంది గదా... కుర్చీ బయట పెట్టారో లేదో చూసి పోదామని వచ్చానమ్మా." పిన్ని గొంతు లోపలెక్కడినుంచో వస్తోంది. "ఆవిడ మంచిది. నా తల ఒళ్లో పెట్టుకుంది. జల్లుకి అడ్డంగా కూర్చుంది."

"నాకు వినపడలేదు పిన్నీ," అంది పాతమేడం. ఆవిడ జీవితంలో ఆడిన కొద్ది అబద్ధాల్లో అదొకటి.

పిన్ని ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. కోపంగా కాదు, అర్థంకానట్టు.

"లోపల చాలామంది ఉన్నట్టున్నారు కదమ్మా. ఒక్కరికి కూడా వినపడలేదా?"

గురువారం తెల్లవారుతూనే పాతమేడం హాలుకి వెళ్లింది. వానవెలిసి ఎండ కాస్తోంది, వీధిలో పిల్లలు బడికి పోతున్నారు. ఆ వెలుగులో హాలు మామూలు హాలులాగే ఉంది. ఆవిడ బల్లవైపు చూడకుండా పన్నెండో కుర్చీని ఎత్తి, వసారాలో దాని పాతచోట, వీధివైపు తిప్పి పెట్టింది. దాని చీటీమీద దొరికిన చోటు అన్న గడి కింద, ఉండవలసిన చోటు: వసారా అని రాసింది. కమిటీ కాగితంలో హాల్లో పన్నెండు కుర్చీలు అన్నది కొట్టేసి, పదకొండు అని దిద్దింది. హాలు దక్కకపోతే దక్కకపోనీ అనుకుంది. తలుపుకి తాళం వేసి, కమిటీ వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడింది.

పదింటికి ముగ్గురొచ్చారు. తెల్లజుట్టు పెద్దాయన, ఇద్దరు ఆడవాళ్లు. వసారాలో కుర్చీ చూసి పెద్దాయన ఆగాడు. ఆవిడ పుస్తకంలో ఉన్న తీర్మానం చెప్పింది. వెనక పేజీ సంగతి చెప్పలేదు. "భలే," అన్నాడాయన. "ఇలాంటివే కదా కాపాడాల్సింది." తలుపు, గోడల పొరలు, పెంకులు చూసి తలలూపుకుంటూ హాల్లోకి నడిచారు. పెద్దాయన అక్కడికక్కడే చెప్పేశాడు, జాబితాలో చేరినట్టే అని. పాతమేడానికి కళ్లు చెమర్చాయి. అమ్మమ్మ గుర్తొచ్చింది, పిన్ని గుర్తొచ్చింది. ఆసుపత్రికెళ్లి ముందు పిన్నికే చెప్పాలనుకుంది.

"కాగితంలో పదకొండని రాశారే," అంది కమిటీలో ఒకావిడ, బల్ల చుట్టూ నడుస్తూ. "ఇక్కడ పన్నెండున్నాయి."

పాతమేడం అప్పుడు చూసింది.

నాలుగు గుంటల్లో ఒక కుర్చీ ఉంది. అదే చెక్క, అదే పేము, వీపుమీద అదే ఆకు. మిగిలిన పదకొండింటికి ఎంత వయసుందో దీనికీ అంత వయసుంది. చేతుల దగ్గర నునుపు తేలి మెరుస్తోంది. గుమ్మంలోంచి చూస్తే వసారా కుర్చీ వసారాలోనే ఉంది. తాళాలగుత్తి పొద్దుటినుంచీ తన గుప్పిట్లోనే ఉంది.

కుర్చీకి అట్టచీటీ వేలాడుతోంది. దారం ముడి తనది, రెండు మెలికలేసి కింద కత్తిరించే ముడి, ఇంకెవరూ అలా కట్టరు. రాతా తనదే. అడుగున తేదీ బుధవారానిది. దొరికిన చోటు అన్న గడిలో ఏమీ లేదు. స్థితి: మంచిది. ఎవరిది అన్న గడి ఖాళీగా లేదు.

"నాది" అని ఉంది.

ఆవిడ చీటీని అలా పట్టుకునే ఉండిపోయింది. కాళ్లు ఒకటే పీకుతున్నాయని అప్పుడే తెలిసింది. నిన్న మధ్యాహ్నంనుంచి ఎక్కడా సరిగా కూర్చున్నది లేదు. వసారాలో ఎక్కడో కింద, గడప దగ్గర, తలుపుచెక్క మీద చిన్న చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు.

"మీరు వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నారమ్మా," అన్నాడు పెద్దాయన, ఎంతో ఆప్యాయంగా ఆ కుర్చీ ఆవిడకోసం వెనక్కి జరుపుతూ. "కూర్చోండి."